రెండు మెలికల అతుకు

గర్శకుర్తి,
జూన్ 9

రోజమ్మకు,

ఇస్తారి తాత రాస్తున్నాడు. ఇక్కడ మగ్గాలు నడుస్తున్నాయి. నేను, మీ లస్మవ్వ కూడా నడుస్తున్నాం.

మొన్న నువ్వు ఫోన్ చేస్తే నేను ఆఁ, ఊఁ అని పెట్టేశాను. కోపం అనుకోకు బిడ్డా. మనిషి ఎదురుగా ఉంటేనే నాకు మాట రాదు, ఇక డబ్బాలో ఎక్కడిది. బడిలో మా పంతులు అనేవాడు, "నోరు రాకుంటే పాయె, చెయ్యన్న రానియ్యిరా ఇస్తారీ" అని. చెయ్యి వచ్చింది. అందుకే ఉత్తరం.

నువ్వు అడిగావు, వైపని ఎట్లా చేస్తావు తాతా అని. మా చెల్లె నాగవ్వ, అదే మీ నానమ్మ, ఉంటే బాగా చెప్పేది. దానికి మాటలు ఎక్కువ.

మగ్గం వెనక భీము ఉంటుంది, పోగులు చుట్టుకున్న పెద్ద ఇనుప కడ్డీ. నేసిన కొద్దీ అది అయిపోతుంది. అయిపోయిందని మగ్గంలోంచి పోగులన్నీ పీకేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించరు. పాత పోగు కొస, కొత్త భీము పోగు కొస, రెండూ కలిపి అతుకుతారు. ఒక్కో భీముకు మూడువేల ఆరువందల పోగులు. వేళ్ళకు జర బూడిద రాసుకోవాలి. రెండు కొసలూ బొటనవేలు, చూపుడువేలు నడుమ పెట్టి ఒక్క మెలిక. అంతే. అదే వైపని. నలభై ఒక్క ఏళ్ళుగా అదే చేస్తున్నాను.

ఇంత చదువుకున్నదానివి, నీకెందుకమ్మా ఇది?

ఇస్తారి తాత

*

ఆదిలాబాద్,
జూన్ 17

తాతా!

నీ ఉత్తరం ల్యాబ్‌కే వచ్చింది. గేటు దగ్గరే చింపి చదివాను. వెనకాల బండ్లవాళ్ళు హారన్ కొట్టారు.

నాకెందుకంటే, నేను ఇక్కడ ఏడాదిగా చూస్తున్నది నీ పనే. నమ్మవు కదా? కూర్చో, చెప్తాను.

మన ఒంట్లో, చెట్టులో, పాలను తోడుకునేలా చేసే సూక్ష్మజీవిలో కూడా, ప్రతి కణంలో టీఆర్ఎన్ఏ అనే చిన్న చిన్న పోగులు ఉంటాయి. ఒక్కోటి డెబ్బై, ఎనభై అక్షరాల పొడుగు, అంతే. అవి మోత కూలీలు. ఒక్కోటి ఒక్కో పూసను మోసుకుపోయి, ప్రోటీన్ అనే దండ కట్టేచోట దించి వస్తుంది. ఆ పూస తగిలేది పోగు కొసకే. కొసన మూడు అక్షరాలు ఉండి తీరాలి: సీ, సీ, ఏ. ఆ మూడు లేకపోతే పోగు ఎంత బాగున్నా వట్టి చేతులతో నిలబడ్డ కూలీయే.

తమాషా ఏమిటంటే, చాలా జీవుల్లో ఈ పోగు తయారైనప్పుడు కొసన ఆ మూడూ ఉండవు. అడ్డదిడ్డంగా ఎక్కువ తోక ఉంటుంది. ముందు కొన్ని ఎంజైములు ఆ తోకను కత్తిరిస్తాయి. తర్వాత ఇంకో ఎంజైము వచ్చి సీ, సీ, ఏ అతుకుతుంది. తిరిగి తిరిగి కొస అరిగిపోతే మళ్ళీ ఆ ఎంజైమే వచ్చి, ఎన్ని పోయాయో అన్నే అతికి పోతుంది. ఒకటి పోతే ఒకటి, రెండు పోతే రెండు!

నా పని ఆ ఎంజైముతోనే. నువ్వు నలభై ఒక్క ఏళ్ళు. అది కొన్ని వందల కోట్ల ఏళ్ళు. నీ కంటే సీనియర్, తాతా.

రోజ

*

గర్శకుర్తి,
జూన్ 22
(కార్డు)

రోజమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. లస్మవ్వకు కూడా చదివి వినిపించాను. "గంత చిన్నదానికి చేతులెక్కడియి?" అంది. నాకూ అదే అనుమానం.

ఒక్క మాట అడుగుతాను. సీ, సీ, ఏ అనే లెక్క దానికి ఎవరు చెప్పారు? మాకు పట్టీ రాసి ఇస్తారు, ఎన్ని పోగులు, ఏ రంగు తర్వాత ఏ రంగు అని. దానికి పట్టీ ఎవరిచ్చారు?

ఇస్తారి తాత

*

గర్శకుర్తి,
జూన్ 22
(ఇంకో కార్డు)

రోజమ్మా,

పొద్దున్నే ఒక కార్డు డబ్బాలో వేశాను. ఇంటికి వస్తుంటే ఇంకోటి తోచింది. తిరిగి పోయి ఇంకో కార్డు కొన్నాను. "ఏంది పెద్దమనిషీ, గీ వయసుల ఎవరికి రాస్తున్నవ్?" అని పోస్టాయన నవ్వాడు.

అడిగేది ఇది. అది పోగు మంచిదా, కాదా చూసుకుంటుందా? చూడకుండా కొస దొరికిందని అతికేస్తుందా? మేమైతే చూస్తాం. కళ్ళతో కాదు. మెలిక వేసేటప్పుడు వేళ్ళకే తెలుస్తుంది. గట్టి పోగు మెలికకు ఎదురు తిరుగుతుంది, వదలగానే చేతిలోంచి ఎగిరిపోతుంది. కుళ్ళు పోగు మెలి తిప్పినట్టల్లా తిరిగి, ముడుచుకుని చేతిలోనే పడి ఉంటుంది.

తాత

*

ఆదిలాబాద్,
జూన్ 28

తాతా, తాతా, తాతా!

నీ రెండో కార్డు చదివి స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాను. ల్యాబ్ ఊడ్చే గంగుబాయి "అగ బాయీ! ఏమైందమ్మా, తేలు కుట్టిందా?" అని పరిగెత్తుకొచ్చింది.

మొదటి కార్డుకు జవాబు ముందు. పట్టీ ఎవరూ ఇవ్వలేదు! కణంలో పోగులు చేసే మిగతా ఎంజైములు పక్కన ఇంకో పోగును పెట్టుకుని చూసి రాస్తాయి. ఇది దేన్నీ చూడదు. దాని కడుపులోనే ఒక గుంట ఉంది, ఆ గుంట ఆకారమే లెక్క. మొదట సీ పడుతుంది, తర్వాత సీ పడుతుంది, తోక రెండు అక్షరాలు పెరిగేసరికి గుంట ఆకారం మారి ఇక 'ఏ' ఒక్కటే పడుతుంది. తర్వాత చోటు ఉండదు. ఆగిపోతుంది. పట్టీ దాని ఒంట్లోనే ఉంది. నీ వేళ్ళలో ఉన్నట్టు.

ఇక రెండో కార్డు. నువ్వు రాసింది నాకు తెలుసు! అంటే, పుస్తకాల్లో తెలుసు. విదేశాల్లో పెద్ద పెద్ద వాళ్ళు ఏళ్ళ తరబడి తిప్పలు పడి కనిపెట్టారు. మూడు అక్షరాలూ అతికాక ఆ ఎంజైము పోగును పట్టుకుని ఒక్క మెలి తిప్పుతుంది. పోగు గట్టిదైతే ఎదురు తిరుగుతుంది, ఎగిరి బయటపడుతుంది. పనికి పోతుంది. బలహీనమైనదైతే మెలికకు లొంగి ముడుచుకుంటుంది. అప్పుడు గుంటలో మళ్ళీ చోటు దొరుకుతుంది. ఎంజైము మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది: సీ, సీ, ఏ. మొత్తం ఆరు అక్షరాలు. ఆ ఆరు అక్షరాల తోక కనబడితే చాలు, చెత్త ఊడ్చే ఎంజైములు వచ్చి ఆ పోగును నమిలేస్తాయి. అంటే మూడు ఉంటే పనికి పో, ఆరు ఉంటే చెత్తకు పో. ఒకే చేత్తో బాగు చెయ్యడం, అదే చేత్తో పరీక్ష పెట్టడం!

నువ్వు ఆ కాగితాలేవీ చదవకుండా గర్శకుర్తిలో కూర్చుని కార్డు మీద రాసి పంపావు.

నాకు నీ అతుకులు కావాలి. నేసిన బట్ట మొదట్లో అతుకుల ముక్క కోసి పారేస్తారు కదా, అది పంపు. ఎట్లా ఉన్నవాటిని అట్లాగే, వరుస చెదరకుండా అట్టకు అంటించి. మా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తాను.

నా పని కొంచెం నడుస్తోంది. జిగురు పలకలో నా పోగులను కరెంటు పెట్టి పరిగెత్తిస్తాను. పొట్టివి ముందు పోతాయి, పొడుగువి వెనకబడతాయి. అన్నీ ఒకే పొడుగు గనుక ఒకటే గీత రావాలి. నాకు రెండు వస్తున్నాయి. మా ల్యాబ్ పెద్ద ఓంప్రకాశ్ సార్ "రోజారాణీ, చెయ్యి నిలకడగా లేదమ్మా" అన్నారు. సరి చేసుకుంటాలే.

రోజ

*

గర్శకుర్తి,
జులై 8

రోజమ్మా,

అట్ట పంపుతున్నాను. మన పక్క ఖార్ఖానా వాళ్ళ పెళ్ళి పత్రిక అట్ట, మంచి గట్టిది. అతుకులు రెండువందల చిల్లర ఉంటాయి. కింది అంచున బాణం గీత ఉన్న వైపు మగ్గానికి ఎడమ.

అంటిస్తూ నేను కూడా చూశాను. కొన్నింటికి ఒక్క మెలిక ఉంది. కొన్నింటికి రెండు. నేను రెండు వెయ్యను. ఎప్పుడూ వెయ్యలేదు. మా మేనమామ పని నేర్పినప్పుడే చెప్పాడు, రెండు వేస్తే అతుకు లావై మగ్గం దువ్వెన సందులో తట్టుకుంటుందని. ఎప్పుడు వేశానో తెలియదు. చెయ్యి ముసలిదైందేమో. సార్లకు చూపించి నవ్వులపాలు చెయ్యకు.

పని కాస్త తక్కువుంది ఇప్పుడు. వానలు కదా.

ఇస్తారి తాత

*

ఆదిలాబాద్,
జులై 16

తాతా,

వానలకూ మగ్గాలకూ ఏం సంబంధం? షెడ్డు మీద రేకులు లేవా?

లస్మవ్వ ఫోన్ చేసింది. మొత్తం చెప్పింది. నువ్వు అతికిన భీములు నెల రోజులుగా తెగుతున్నాయనీ, మీ మగ్గాల ఆసామి హనుమండ్లు నలుగురిలో "ఇస్తారన్నా, నీ చెయ్యి పోయిందే. బిగువు తప్పి అతుకుతున్నవ్, అందుకే భీము పొడుగునా తెగుతుంది" అన్నాడనీ. నెలాఖరు దాకా చూస్తాననీ, ఆ తర్వాత అతికే మిషన్ వాడిని పిలిపించి నిన్ను ఇంట్లో కూర్చోమంటాననీ. నువ్వు ఒక్కడివే బస్సెక్కి కరీంనగర్ పోయి కళ్ళు చూపించుకున్నావనీ. డాక్టరు కళ్ళు బాగానే ఉన్నాయన్నా నువ్వు నమ్మలేదనీ.

"ఏమన్న మాట్లాడినవా అంటే తల ఒంచుకుని వచ్చిండు బిడ్డా. గీయన నోట్లె నాలికున్నదో లేదో నలభై ఏండ్లాయె, నాకే తెల్వదు" అంది లస్మవ్వ. ఏడుస్తూనే అంది, నవ్వుతూ కూడా అంది.

నా దగ్గర దాచావు. సరే, నేను కూడా దాచాను, చెప్తున్నాను. ఆ రెండు గీతల సంగతి చిన్నది కాదు. సెప్టెంబరులోగా ఒకటే గీత తెప్పించకపోతే ప్రాజెక్టులో నా పోస్టు పొడిగించరు. ఇప్పటికి పదకొండుసార్లు చేశాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది.

ఇప్పుడు అట్ట సంగతి. ఊపిరి బిగబట్టి చదువు.

సూక్ష్మదర్శిని కింద పెట్టాను. గంగుబాయి తొంగి చూసి "గివి దారాలా! నేను పాములనుకున్న" అంది. నేను లెక్క పెడుతుంటే తను కాగితం మీద గీతలు గీసింది. మొత్తం రెండువందల పద్నాలుగు అతుకులు. ఒక్క మెలికవి నూట యాభై మూడు. రెండు మెలికలవి అరవై ఒకటి. ఇంతవరకు నీ చెయ్యి ముసలిదే అనుకో. కానీ ఆ అరవై ఒక్కటీ ఎక్కడున్నాయో తెలుసా? అన్నీ ఒక్కచోటే! బాణం గీత ఉన్న వైపు, ఒకదాని పక్కన ఒకటి. మిగతా అట్టంతా వెతికాను, ఇంకెక్కడా రెండు మెలికల అతుకు ఒక్కటి కూడా లేదు.

తాతా, చెయ్యి వణికితే అన్నిచోట్లా వణకాలి కదా! ఎడమకు వచ్చినప్పుడే ముసలిదై, కుడికి జరగగానే పడుచుదవుతుందా?

ఆ ఎడమ వైపు ఏముంది? చూసి వెంటనే రాయి.

రోజ

*

గర్శకుర్తి,
జులై 21

రోజమ్మా,

ఎడమ వైపు కొత్త కోన్లు.

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తున్నాయి, చదువుకో.

భీము ఒక్కసారిగా చుట్టరు. కొన్ని పోగుల చొప్పున పట్టీలు పట్టీలుగా, కుడి నుంచి ఎడమకు చుట్టుకుంటూ పోతారు. నడుమ నూలు కోన్లు అయిపోతే కొత్తవి ఎక్కిస్తారు. నీ ఉత్తరం పట్టుకుని భీము చుట్టే అంజన్న దగ్గరికి పోయాను. ఉత్తరం అతనికి చూపించాను, అడగడం కంటే అది నయం. అతను చదివి తన చీటీ తీశాడు. మే నెలాఖరున కొత్త లాటు కోన్లు వచ్చాయి. ప్రతి భీములోనూ చివరి పట్టీలు, అంటే ఎడమవి, ఆ లాటువే. పాత కోన్లు అయిపోయేదాకా ముందు అవి వాడి తర్వాత ఇవి ఎక్కిస్తున్నాడు.

ఒక పాత కోను, ఒక కొత్త కోను తెచ్చి గడపలో కూర్చున్నాను. పాత పోగు మెలి తిప్పి వదిలితే ఎగిరి సాపు అయింది. కొత్తది ముడుచుకుని చేతిలోనే పడుకుంది. ఇంకో పోగు తీశాను, అదీ అంతే. ఇరవై తీశాను. లస్మవ్వను కళ్ళు మూసుకోమని చేతికిచ్చాను. "గిది కుళ్ళుది, గిది మంచిది, గిది కుళ్ళుది" అని తప్పు లేకుండా చెప్పింది. ఆమె ఎన్నడూ మగ్గం మీద కూర్చోలేదు.

నా వేళ్ళకు తెలుసు బిడ్డా. నాకే తెలియదు. మెలిక వేశాక పోగు ఎగిరిపోకుండా చేతిలోనే ఉంటే, ఇంకా అతకలేదేమో అనుకుని వేళ్ళు మళ్ళీ వేస్తున్నాయి. నీ ఎంజైము లాగనే! అది తప్పు చెయ్యడం కాదు. పోగు సంగతి చెప్పడం.

నలభై ఒక్క ఏళ్ళలో ఇంత సంతోషం నాకు ఎన్నడూ కాలేదు. పెళ్ళప్పుడు కూడా కాలేదు, లస్మవ్వకు చెప్పకు.

ఇంకొకటి. కోపానికి రాకు. నీ రెండు గీతల పోగులన్నీ ఒక్క లాటువేనా?

ఇస్తారి తాత

*

ఆదిలాబాద్,
జులై 27

తాతా,

నీ కోన్ల సంగతి చదివి గంగుబాయి, నేను చప్పట్లు కొట్టాం. కానీ నా విషయం వేరు. నాకు ఎనిమిది గొట్టాలు ఉన్నాయి, ఎనిమిదింటిలోనూ ఒకే పోగు, ఒకే మూస నుంచి తీసింది. లాటు తేడాకు అవకాశం లేదు. తప్పు నా చేతిలోనే ఉంది. నువ్వు నా మీద ప్రేమతో అడిగావు, నాకు తెలుసు.

జులై 29

పైది రాసి పోస్టు చెయ్యలేదు. రెండు రోజులు సంచిలోనే పెట్టుకు తిరిగాను. నిజం చెప్పనా, నీ మాట మీద కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే, నేను ఒక్కసారి కూడా చూడలేదు కాబట్టి వచ్చింది.

ఈ రోజు చూశాను.

జిగురు పలక మీద నేను గొట్టాలను వరుసగా పెట్టలేదు. ఏది ముందు దొరికితే అది పెట్టాను. అందుకే రెండు గీతలు ఒకసారి అక్కడ, ఒకసారి ఇక్కడ కనబడి, అంతా నా చెయ్యి గందరగోళమే అనిపించింది. నీ అట్టలాగా వరుసలో పెడితే? పదకొండు పలకల ఫొటోలూ కత్తిరించి, గొట్టం నంబరు ప్రకారం నేల మీద పరిచాను. ఒకటి నుంచి నాలుగు దాకా: ఒక్కటే గీత, ప్రతిసారీ. అయిదు నుంచి ఎనిమిది దాకా: రెండు గీతలు, ప్రతిసారీ. రెండో గీత సరిగ్గా మూడు అక్షరాలంత పైన, అంటే ఆ పోగు మూడు అక్షరాలు ఎక్కువ పొడుగు.

నోట్‌బుక్ వెనక్కి తిప్పాను. మే నెలలో కరెంటు పోయి ఫ్రిజ్ కరిగినప్పుడు మూస పాడైంది. మళ్ళీ తయారు చేశాను. అయిదు నుంచి ఎనిమిది ఆ రెండో మూసవి. నా చేత్తోనే రాసుకున్నాను. రాసి మరిచిపోయాను. ఆరు అక్షరాల తోక గురించి నీకు అంత గొప్పగా రాసిన దాన్ని, నా పలక మీద ఉన్నది అదేనని నాకు తట్టలేదు చూడు!

రెండో మూసలో అక్షరాలు ఏమున్నాయో చదవడానికి హైదరాబాద్ పంపాను. సార్‌కు ఇంకా చెప్పలేదు. భయం.

నువ్వు మీ ఆసామికి చెప్పావా?

రోజ

*

గర్శకుర్తి,
ఆగస్టు 3

రోజమ్మా,

చెప్పలేదు.

పోయాను. చొక్కా జేబులో రెండు పోగులు పెట్టుకుని పోయాను, కుడి జేబులో పాతది, ఎడమ జేబులో కొత్తది. హనుమండ్లు మంచిగానే మాట్లాడాడు. "రా అన్నా, కూసో. చాయ తాగుతవా?" అన్నాడు. తాగాను. "ఏమన్న పని వడ్డదా?" అన్నాడు. చెప్పాలని నోరు తెరిచాను. అక్కడ ఇంకా నలుగురు ఉన్నారు. చాయ బాగుంది అన్నాను. వచ్చేశాను.

లస్మవ్వ గడపలోనే అడిగింది. చెప్పాను. "ఓరి దేవుడా! చాయ బాగున్నదని చెప్పెతందుకు ఇస్త్రీ చొక్కా ఏసుకొని పోయినవా?" అంది. తానే పోతానని చీర మార్చుకుంది. ఆపాను. ఆమె పోయి చెబితే, ఇస్తారికి చేతితో పాటు నోరు కూడా పోయింది, ఆడమనిషిని పంపాడంటారు.

ఆయన నెలాఖరు దాకా చూస్తానన్నాడా? చూడటం అయిపోయింది. మిషన్ వాడు వచ్చే సోమవారం, పన్నెండున వస్తున్నాడట. మిషన్ వచ్చినా ఆ కోన్లతో అది కూడా తెగుతుంది, నాకు తెలుసు. కానీ అప్పటికి నేను ఇంట్లో ఉంటాను. నా చెయ్యి పోయిందనే మాట ఊళ్ళో ఉంటుంది. పని పోతే పోనీ, ఆ మాట మాత్రం మింగుడు పడటం లేదు.

నీ గొట్టాల సంగతి తొందరగా రాయి. నాకు ఇక్కడ అదొక్కటే ధైర్యం.

తాత

*

ఆదిలాబాద్,
ఆగస్టు 7

తాతా!!

ఒక్క అక్షరం!

హైదరాబాద్ నుంచి జవాబు వచ్చింది. రెండో మూసలో ఒకే ఒక్క అక్షరం మారింది. అది కూడా ఎక్కడ? పోగు కొసకు దగ్గరగా, పోగు మడతపడి రెండు పేటలై ఒకదానికొకటి పట్టుకుని నిలబడేచోట. అక్కడ పట్టు సడలింది. చూడటానికి పోగు అచ్చం అలాగే ఉంటుంది. ఎంజైము మెలి తిప్పి చూస్తేనే బయటపడుతుంది. నా ఎంజైము ఏడాదిలో ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. పదకొండుసార్లు నాతో చెప్పింది, ఇది కుళ్ళు పోగు అని. పదకొండుసార్లూ నేను దాన్నే తిట్టాను.

సార్ దగ్గరికి ఫొటోలు పట్టుకుని పోయాను. నేల మీద పరిచాను. వంగి ఒక్కో గొట్టం నంబరు మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. తర్వాత తానే కుర్చీ జరిపి నన్ను కూర్చోమన్నారు. ఏడాదిలో ఇదే మొదటిసారి. "చెయ్యి నిలకడగా లేదన్నది నేనే కదా. పదకొండుసార్లు చేస్తే పదకొండుసార్లూ ఒక్కతీరే వచ్చిందంటే, గింత నిలకడ చెయ్యి నేను చూడలేదమ్మా" అన్నారు. మంచి పోగు, చెడ్డ పోగు పక్కపక్కన అనుకోకుండా దొరికాయి గనుక ఇక దీని మీదే పని చేద్దామన్నారు. పోస్టు పొడిగించమని ఈ రోజే రాశారు!

"గొట్టాలన్నీ ఒక్క లాటువేనా అని అడగాలని ఎట్లా తోచింది?" అన్నారు. మా తాత అడిగాడన్నాను. ఏ యూనివర్సిటీ అన్నారు. గర్శకుర్తి అన్నాను.

తాతా, ఆదివారం నేను రానా? నేను మాట్లాడతాను హనుమండ్లుతో. ఆదిలాబాద్ నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాను. లేదా ఫోన్ నంబరు ఇవ్వు. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టు చేస్తున్నాను. నీకు అందగానే లస్మవ్వతో మిస్డ్ కాల్ ఇప్పించు చాలు, బయలుదేరతాను.

రోజ

*

గర్శకుర్తి,
ఆగస్టు 13

రోజమ్మా,

మిస్డ్ కాల్ ఇవ్వనందుకు ఏమనుకోకు. నీ ఉత్తరం శనివారం అందింది. ఒక్క అక్షరం అని చదివి లేచి నిలబడ్డాను, నువ్వు నా కార్డుకు నిలబడ్డట్టు. లస్మవ్వ తేలు కుట్టిందా అని అడగలేదు. "పోస్టు నిలబడ్డట్టుంది పిల్లకు" అని చక్కెర డబ్బా తీసింది.

నువ్వు వస్తే బాగుండేది. కానీ నువ్వు చదువుకున్నదానివి, నువ్వు మాట్లాడితే ఆసామి నీ మాట వింటాడు, నా పోగు చూడడు. అందుకని పిలవలేదు.

సోమవారం పొద్దున షెడ్డుకు పోయాను. ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. వేళ్ళకు బూడిద రాసుకుని పోయాను. మిషన్ వాడు అప్పుడే సామాను దించుతున్నాడు. మగ్గాలన్నీ నడుస్తున్నాయి, ఎవరి మాట ఎవరికీ వినబడదు. హనుమండ్లు నడుమ నిలబడి ఉన్నాడు. నేను పోయి ఆయన ఒక చేతిలో పాత కోను, ఇంకో చేతిలో కొత్త కోను పెట్టాను.

"గివేందన్నా?" అన్నాడు.

"పోగు మెలేసి సూడు" అన్నాను.

మగ్గాల మోతలో ఆయనకు వినబడలేదు. చెయ్యెత్తాడు. అంజన్న అటు మగ్గం ఆపాడు, ఇటు ఇంకొకరు ఆపారు, అందరూ ఆపారు. షెడ్డు మొత్తం నిశ్శబ్దం. ముప్పైమంది నా మొహమే చూస్తున్నారు. "ఏమంటున్నవ్? జర గట్టిగ అను" అన్నాడు.

"పోగు మెలేసి సూడు" అన్నాను. గట్టిగనే అన్నాను బిడ్డా.

ఆయన నేతగాని కొడుకే. చిన్నప్పుడు వాళ్ళ బాపు పక్కన కూర్చుని పోగులు అతికినవాడే. పాత పోగు మెలేసి వదిలాడు, ఎగిరిపోయింది. కొత్తది మెలేశాడు. ముడుచుకుని చేతిలో పడుకుంది. ఇంకొకటి తీశాడు. ఇంకొకటి. తర్వాత నడుస్తూ పోయి, ఆగి ఉన్న భీముల మీద ఎడమ వైపు పోగులు తానే ఒక్కొక్కటి పట్టి చూశాడు. నా దిక్కు చూడలేదు. వెనక్కి వచ్చి మిషన్ వాడితో "సామాను ఎక్కియ్యి" అన్నాడు. అంజన్నతో "గా లాటు కోన్లన్ని వాపస్ పంపియ్యి, ఒక్కటి సుత ఉంచకు" అన్నాడు.

పోయేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు, బూడిద ఉన్న వైపు. తన వేళ్ళకు అంటిన బూడిద తుడుచుకోలేదు.

మధ్యాహ్నం అంతా పాత కోన్లతోనే చుట్టిన కొత్త భీము ఎక్కింది. మూడువేల ఆరువందలు. పొద్దు మునిగేసరికి అన్నీ ఒక్క మెలికే.

నిన్న లెక్క పెట్టుకున్నాను. ఆసామితో నేను అన్న మాటలు మొదట మూడు. వినబడలేదని మళ్ళీ మూడు. మొత్తం ఆరు. నువ్వు రాసినట్టే, కుళ్ళు కోన్లు చెత్త లెక్కన వాపస్ పోయాయి.

నీ ఎంజైముకు చెప్పు.

ఇస్తారి తాత